తాళం తీసిన ఆట చావదు



"పాత కంప్యూటర్ పనికిరాదు. పాత ఆట పనికిరాదు. పాత ఫైల్ పనికిరాదు." ఈ మూడు మాటలూ మన బడిలోనూ ఇండ్లల్లోనూ రోజూ వినబడతా ఉంటాయి. మూడూ తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ఏ వస్తువూ వయసు మీరినంత మాత్రాన పనికిరాకుండా పోదు. దాని లోపల ఏముందో చూసే దారి మూసేస్తేనే పోతుంది. దీనికి సాక్ష్యంగా ఒక కంప్యూటర్ ఆటను తీసుకొస్తున్నాను. ఆట అనగానే పేజీ తిప్పేయకుండా పెద్దలు కాస్త ఓపిక పట్టి చదవాలని మనవి.

ఆ ఆట పేరు డూమ్. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ దాన్ని చేసింది. 1993 డిసెంబర్ 10న విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం సర్వర్‌లోకి ఎక్కించి విడుదల చేశారు. అది శాస్త్ర కల్పన కథ. అంగారక గ్రహానికి ఫోబోస్, డీమోస్ అని రెండు ఉపగ్రహాలు నిజంగానే ఉన్నాయి కదా, కథ అక్కడ మొదలవుతుంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి క్షణంలో పంపించే ద్వారాలను అక్కడ పరీక్షిస్తా ఉంటారు. ఆ ద్వారాల్లోంచి భూతాలు బయటికొస్తాయి. ఒకే ఒక సైనికుడు మిగులుతాడు. అతని కండ్లతో మనం చూస్తాం, అతని కాళ్లతో మనం పరిగెడతాం. కథంతా అంతే.

మొదటి తొమ్మిది మ్యాపులు ఉచితం. కాపీ చేసుకోండి, పంచుకోండి అని చేసినవాళ్లే చెప్పారు. నచ్చినవాళ్లు మిగతా పద్దెనిమిది మ్యాపులు డబ్బు పెట్టి తెప్పించుకున్నారు. దానికి కావలసిన కంప్యూటర్ ఏమిటంటే 386 ప్రాసెసర్, 4 ఎంబీ మెమరీ. ఈ రోజు మన ఫోన్‌తో తీసే ఒక ఫొటోకే దాదాపు అంత చోటు పడుతుంది. తెర మీద అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 200 చుక్కలు, మొత్తం 256 రంగులు. అంత చిన్న చోటులో వాళ్లు మెట్లు, కిటికీలు, చీకటి గదులు, మినుకుమినుకుమనే దీపాలు చూపించారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఆ రోజుల్లో అమ్మిన డూమ్ డిస్కు ఎవరి దగ్గరైనా ఉందనుకోండి. దాన్ని ఇప్పటి కంప్యూటర్‌లో పెడితే ఆడుతుందా? ఆడదు. అది డాస్ అనే పాత వ్యవస్థ కోసం రాసిన ప్రోగ్రాం. ఇప్పటి 64 బిట్ విండోస్‌కు డాస్ ప్రోగ్రాములను నేరుగా నడిపే ఏర్పాటు లేదు. కొత్త కంప్యూటర్ పాతదానికంటే కొన్ని వేల రెట్లు వేగంగా పని చేస్తుంది, అయినా ఆ చిన్న ఆటను నడపలేదు. ఎందుకని? వేగం వేరు, భాష తెలియడం వేరు.

ఇది మన హోసూరు ప్రాంతం వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతారు, చదవడం రాదు. తాత రాసిన ఉత్తరం పెట్టెలో ఉంటుంది. మనవడు ఇంజనీరింగ్ చదివి ఉంటాడు, పెద్ద జీతం తెస్తా ఉంటాడు. ఆ ఉత్తరం విప్పితే ఒక్క అక్షరం అర్థం కాదు. తప్పు ఉత్తరానిది కాదు, మనవడి తెలివిదీ కాదు. మధ్యలో చదువు తెగిపోయింది. పాత ప్రోగ్రాముకూ కొత్త కంప్యూటర్‌కూ మధ్య జరిగేది కూడా ఇదే.

తాళం ఎట్లా తీశారు

డిస్కు ఆడకపోయినా డూమ్ మాత్రం ఈ రోజు ఆడుతుంది. విండోస్‌లో, లినక్స్‌లో, మ్యాక్‌లో, ఫోన్‌లో, ఇంటర్నెట్ బ్రౌజర్‌లో, ఎక్కడ చూసినా ఆడుతుంది. కారణం ఒక్కటే. 1997 డిసెంబర్‌లో జాన్ కార్మాక్, అంటే ఆ ఆట ఇంజన్ రాసిన మనిషి, దాని సోర్స్ కోడ్‌ను లోకం ముందు పెట్టాడు. మొదట వ్యాపారానికి వాడకూడదని షరతు ఉండింది. 1999లో జీపీఎల్ అనే లైసెన్స్ కింద ఇచ్చారు. అంటే ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు; కాకపోతే మార్చినదాన్ని పంచేటప్పుడు దాని కోడ్ కూడా అట్లే తెరిచి ఇవ్వాలి.

సోర్స్ కోడ్ అంటే తెలియని అమ్మానాన్నల కోసం ఒక మాట. అంగట్లో కొనే ప్రోగ్రాం వండిన కూర లాంటిది. తినొచ్చు, కానీ దాంట్లో ఏమేమి వేశారో, ఎప్పుడు వేశారో తెలీదు. సోర్స్ కోడ్ అంటే వంట విధానం రాసిన కాగితం. కాగితం ఉంటే గ్యాస్ పొయ్యి మీద వండొచ్చు, కట్టెల పొయ్యి మీద వండొచ్చు, రేపు ఇంకేదో పొయ్యి వస్తే దాని మీదా వండొచ్చు. వండిన కూర మాత్రమే ఉంటే రెండో రోజుకు పాసిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించండి. కోడ్ ఇచ్చినప్పుడు డాస్‌లో శబ్దం పలికించే భాగాన్ని ఇవ్వలేకపోయారు. ఎందుకంటే ఆ భాగం వేరేవాళ్ల దగ్గర లైసెన్స్‌కు తీసుకున్నది. అందుకే బయటికొచ్చింది లినక్స్‌లో నడిచే కోడ్. తెరిచిన భాగాన్ని తీసుకొని లోకం ముందుకు పోయింది, మూసిన భాగాన్ని మాత్రం ఇంకొకరు మళ్లీ మొదటి నుంచి రాసుకోవలసి వచ్చింది. ఒకే ఆటలో తెరిచినదాని గతీ మూసినదాని గతీ రెండూ కనబడతాయి.

"కోడ్ లేకపోయినా డాస్‌బాక్స్‌లో ఆడుకోవచ్చు కదా" అని కంప్యూటర్ తెలిసిన అన్నలు అంటారు. నిజమే. డాస్‌బాక్స్ పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం. దాంట్లో పాత డిస్కులోని డూమ్ కూడా నడుస్తుంది. కానీ ఆ డాస్‌బాక్స్ ఎట్లాంటిది? అది కూడా సోర్స్ కోడ్ తెరిచిన ప్రోగ్రామే. కాబట్టి ఈ వాదన నా మాటనే బలపరుస్తుంది. ఒక తాళం మూసి ఉంటే, ఇంకొకరు ఇంకో తలుపు తెరిచి పెట్టారు.

కోడ్ బయటికొచ్చాక ఏం జరిగిందో చూడండి. చాక్లెట్ డూమ్ అనే ప్రోగ్రాం పాత ఆటను ఉన్నది ఉన్నట్టే నడుపుతుంది, పాత తప్పులతో సహా. తప్పులను కూడా ఎందుకు దాచిపెట్టాలి అని అడగొచ్చు. డూమ్‌లో మనం ఆడిన ఆటను రికార్డు చేయొచ్చు. ఆ రికార్డులో బొమ్మలు ఉండవు, ఏ క్షణంలో ఎటు కదిలామో, ఎప్పుడు పేల్చామో మాత్రమే ఉంటుంది. ప్రోగ్రాం ప్రవర్తన రవ్వంత మారినా రికార్డులోని సైనికుడు పోయి గోడకు కొట్టుకుంటాడు. తప్పులతో సహా కాపాడారు కాబట్టే 1990లలో ఎవరో ఆడిన ఆటను మనం ఈ రోజు అట్లే చూడగలుగుతున్నాం. జీజెడ్‌డూమ్ అనే ఇంకొక ప్రోగ్రాం దీనికి ఎదురు దారిలో పోయింది. పెద్ద తెర, పైకీ కిందికీ చూడడం, కొత్త వెలుగులు అన్నీ చేర్చింది. ఒకే కోడ్ నుంచి రెండు దారులు వచ్చాయి. ఏది కావాలో ఆడేవాళ్ల ఇష్టం.

2025 జనవరిలో ఒక హైస్కూల్ విద్యార్థి డూమ్‌ను ఒక పీడీఎఫ్ ఫైల్ లోపల నడిపి చూపించారు. మనం ప్రశ్నపత్రాలు దించుకుంటామే, ఆ పీడీఎఫ్. అక్షరాలనే చుక్కలుగా వాడి బొమ్మ చూపించారు. మెల్లగా నడుస్తుంది, రంగులు ఉండవు. అయినా నడుస్తుంది. చేసింది మన వయసు విద్యార్థి. ఆ విద్యార్థి చేతికి 1997లోనే ఎవరో తాళంచెవి ఇచ్చిపెట్టారు కాబట్టి చేయగలిగారు.

కోడ్ చదివితే ఏం నేర్చుకుంటాం

"ఆటలాడితే మార్కులొస్తాయా?" అనేది ఇంటింటి ప్రశ్న. ఆడితే రావు. లోపల చూస్తే లెక్కలు వస్తాయి. రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది. ఆనాటి 386 ప్రాసెసర్‌కు దశాంశ సంఖ్యల లెక్కలు సొంతంగా చేతకావు. వేరే చిప్ పెట్టుకోవాలి, అది చాలామంది దగ్గర ఉండేది కాదు. మరి సైనికుడు అడుగులో సగం ఎట్లా కదులుతాడు? డూమ్ కోడ్‌లో ప్రతి సంఖ్యనూ 65536తో హెచ్చవేసి పూర్ణాంకంగా దాచుకుంటారు. 32 బిట్లలో 16 బిట్లు పూర్ణాంకానికి, 16 బిట్లు భిన్నానికి. అంటే ఒకటిన్నరను 98304 అని రాసుకుంటారు. మనం రూపాయలను పైసల్లోకి మార్చి, పాయింటు లేకుండా కూడిక చేసుకోవడం లాంటిదే. ఏడో తరగతి పిల్లలకు కూడా చెప్పొచ్చు.

రెండోది. డూమ్ మ్యాపును పై నుంచి చూస్తే ఇల్లు కట్టే ముందు మేస్త్రీ గీసే ప్లాను లాగే ఉంటుంది. గీతలే గోడలు. ప్రతి గదికీ నేల ఎంత ఎత్తు, కప్పు ఎంత ఎత్తు, వెలుతురు ఎంత అని మూడు అంకెలు. అందుకే ఆ ఆటలో ఒక గది మీద ఇంకో గది ఉండదు. ఇక ఏ గోడ ముందు, ఏ గోడ వెనక అని ప్రతిసారీ వెతుకుతూ కూర్చుంటే అంత చిన్న కంప్యూటర్‌కు ఊపిరాడదు. అందుకని మ్యాపు తయారుచేసినప్పుడే దాన్ని ఒక గీతతో రెండుగా, ఆ రెండింటినీ మళ్లీ రెండుగా, ఇట్లా కోసుకుంటా పోయి ఆ వరుసను దాచిపెడతారు. ఆడేటప్పుడు "నేను ఈ గీతకు ఏ పక్క ఉన్నాను?" అనే ఒక్క ప్రశ్నతో దగ్గరిది ఏదో దూరానిది ఏదో తెలిసిపోతుంది. ఈ పద్ధతిని బైనరీ స్పేస్ పార్టిషనింగ్ అంటారు. పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్ పుస్తకంలో ఉన్న పాఠాలకు ఇంతకంటే బతికున్న ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

ఇవన్నీ మనకు ఎట్లా తెలిశాయి? కోడ్ తెరిచి ఉంది, ఎవరైనా చదివి చూసుకోవచ్చు. అంతకు మించి రహస్యం లేదు.

ఈ రోజు ఆడి చూస్తే

ఈ రోజు ఆ ఆట ఆడితే ముందు కొట్టొచ్చినట్టు కనబడేది దాని వేగం. సైనికుడు పరిగెత్తే తీరు చూస్తే ముప్పై ఏండ్ల ముసలి ఆట అని ఎవరూ అనరు. గెంతడం లేదు, పైకి చూడడం లేదు. ఉన్నవి పరుగు, తలుపు, తాళంచెవి, తుపాకి. ఎర్ర, నీలి, పసుపు తాళంచెవులు వెతుక్కోవాలి, దాచిన గదులను గోడలు తట్టి కనిపెట్టాలి. ఒక లెవెల్ అయిపోగానే ఎంతమంది భూతాలను కొట్టావు, ఎన్ని వస్తువులు ఏరుకున్నావు, ఎన్ని రహస్యాలు పట్టుకున్నావు, ఎంత సేపు పట్టింది అని ఒక చిట్టీ చూపిస్తుంది. అంతటితో ఆ లెవెల్ అయిపోయినట్టే.

"అయిపోవడం" అనేది చిన్న సంగతి అనుకోవద్దు. ఇప్పుడు మన ఫోన్లలో ఉండే ఆటలు చాలావరకు అయిపోవు. పొద్దున లేస్తే "నీ బహుమతి తీసుకో" అని పిలుస్తాయి. నాలుగు రోజులు పోకపోతే ఉన్నది పోతుందని బెదిరిస్తాయి. నాణేలు కొనమంటాయి. ప్రకటన చూడమంటాయి. అమ్మానాన్నలు "ఆటలు పిల్లల్ని పాడు చేస్తున్నాయి" అన్నప్పుడు కోపగించుకునేది ఈ పిలుపుల మీదే. ఆ కోపం న్యాయమైనది. కానీ అన్ని ఆటలనూ ఒకే గంపలో వేయవద్దు. డూమ్ మన పేరు అడగదు, ఫోన్ నంబర్ అడగదు, ఇంటర్నెట్ అడగదు. మనం పిలిస్తే వస్తుంది, మూసేస్తే ఊరకుంటుంది.

ఎదురు వాదనలు

మొదటిది, అన్నిటికంటే గట్టిది. "దాంట్లో రక్తపాతం ఉంది. పిల్లల పత్రికలో దాని పొగడ్త ఏమిటి?" ఉంది, దాచను. పదిహేడేండ్లు దాటినవాళ్లకే అని దాని మీద గుర్తు వేశారు. జర్మనీలో 1994లో పిల్లలకు తగదన్న పట్టికలో పెట్టారు, 2011లో తీసేశారు. ఆరో తరగతి పిల్లల చేతికి ఇవ్వమని నేను అనడం లేదు. కానీ ఒక సంగతి తెలుసుకోవాలి. డూమ్‌లో నడిపించే ఇంజన్ వేరు, బొమ్మలూ మ్యాపులూ శబ్దాలూ ఉండే ఫైల్ వేరు. ఆ ఫైల్‌ను వాడ్ అంటారు. "డేటా అంతా ఎక్కడుంది?" అనే ఇంగ్లీషు ప్రశ్నలోని మొదటి అక్షరాలతో ఆ పేరు పెట్టారు. ఆ ఫైల్ మారిస్తే ఆటే మారిపోతుంది. 1996లో అమెరికాలో చెక్స్ అనే టిఫిన్ గింజల డబ్బాలో పిల్లల కోసం ఒక ఆట సీడీ పెట్టి ఇచ్చారు. దాని పేరు చెక్స్ క్వెస్ట్. నడిచేది డూమ్ ఇంజన్ మీదే. దాంట్లో చావు లేదు, రక్తం లేదు. జిగురు లాంటి జీవులను వాటి సొంత లోకానికి తిరిగి పంపించేయడమే ఆట. రక్తం వద్దనుకున్నవాళ్లు రక్తం తీసేశారు, ఇంజన్ ఉంచుకున్నారు. మన బడిలో కూడా అట్లే చేయొచ్చు. మన బడి ఆవరణనే మ్యాపుగా గీసి, తాళంచెవులు వెతికే ఆట చేస్తే ఎవరికి నష్టం?

రెండోది. "ఊరికే ఇచ్చేస్తే చేసినవాళ్లకు బువ్వ ఎట్లా?" ఇడ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది ఇంజన్ కోడ్. బొమ్మలూ మ్యాపులూ ఉన్న వాడ్ ఫైల్‌ను ఇవ్వలేదు. అది ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. 2024 ఆగస్టులో డూమ్, డూమ్ 2 రెండూ కలిపి కొత్త కంప్యూటర్ల కోసం మళ్లీ విడుదల చేశారు. కోడ్ ఉచితంగా తిరుగుతా ఉండిన ఆటను ఇరవై ఏడేండ్ల తరువాత కూడా జనం డబ్బిచ్చి కొన్నారంటే, తాళం తీయడం వల్ల అంగడి మూతపడలేదనే కదా అర్థం? కొనలేనివాళ్ల కోసం ఫ్రీడూమ్ అనే పేరుతో ఊరూరివాళ్లు కలిసి సొంత బొమ్మలు, సొంత మ్యాపులు గీసి ఉచితంగా పెట్టారు. ఇద్దరూ బతుకుతున్నారు.

మూడోది. "కంపెనీలే పాత ఆటలను మెరుగుపెట్టి అమ్ముతున్నాయి కదా, కొనుక్కుంటే పోలా?" ఏది అమ్మాలో కంపెనీ ఇష్టం. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం వెలువరించింది. 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అంగట్లో దొరకడం లేదని తేలింది. కొత్తవాటి సంగతీ అంతే. 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ల ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డబ్బిచ్చి కొన్నవాళ్లు కూడా, ఒంటరిగా కూడా, ఇక ఆడలేకపోయారు. పదేండ్ల ఆట చచ్చింది, ముప్పై ఏండ్ల ఆట బతికుంది. రెండింటిలో ఏది పాతది, ఏది కొత్తది? తేడా వయసులో లేదు, తాళంచెవి ఎవరి దగ్గర ఉందనే దాంట్లో ఉంది.

మన ఇంటి సంగతి

నాలుగో వాదన మనకు దగ్గరిది. "అమెరికా ఆటతో తెలుగు బడికి ఏం పని?" దీనికి జవాబు మన గ్రంథాలయం బీరువాలోనే ఉంది.

మన పత్రిక పాత సంచికల సీడీలు ఆ బీరువాలో ఉన్నాయి. కాగితం సంచికలు కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని ఎవరో తీసుకుపోయి మళ్లీ ఇవ్వలేదు. "సీడీలు ఉన్నాయి కదా, భయం లేదు" అని అందరూ అనుకుంటారు. ఆ ఫైళ్లను తెరిచి చూశాను. తెలుగు ఒక్క అక్షరం కనబడలేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు కలగాపులగంగా కనబడ్డాయి. కారణం ఏమిటంటే ఆ రోజుల్లో డీటీపీ చేసేవాళ్లు వాడిన ఫాంట్లలో తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలు లేవు. ఇంగ్లీషు అక్షరం ఉండవలసిన చోట తెలుగు బొమ్మ పెట్టారు. ఆ ఫాంట్, ఆ ప్రోగ్రాం ఉన్నంతసేపు అది తెలుగు. అవి లేకపోతే అది చెత్త. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. ప్రతి అక్షరానికీ లోకమంతా ఒప్పుకున్న ఒక సంఖ్య ఉంది. అయినా ఎన్నో ఏండ్లు అచ్చు పని మూసిన ఫాంట్లలోనే నడిచింది.

ఒక్కసారి ఆలోచించండి. 1993లో టెక్సస్‌లో రాసిన భూతాల ఆట మన బడి కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది. పదిహేనేండ్ల కింద మన అక్కలు, అన్నలు తెలుగులో రాసిన వ్యాసం అదే కంప్యూటర్‌లో తెరుచుకోదు. దీనికంటే సిగ్గుచేటు ఇంకేముంది?

పెద్ద ఊర్లలో, తెలుగు రాష్ట్రాల్లో ఇట్లా జరిగితే ఎవరో ఒకరు పూనుకుంటారు, మళ్లీ టైపు చేస్తారు, మళ్లీ అచ్చు వేస్తారు. ఇక్కడ మనం కొద్దిమందిమి. తమిళనాడులో ఒక తెలుగు బడి పత్రిక పాత ఫైళ్లను తెరిచే ప్రోగ్రాం చేస్తే ఏ కంపెనీకీ లాభం రాదు, కాబట్టి ఏ కంపెనీ చేయదు. మనలాంటి చిన్న సమూహాలకు తెరిచిన దారులే దిక్కు. సురన్న, మండలి లాంటి యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచితంగా, లైసెన్స్ భయం లేకుండా దొరుకుతున్నాయి. వాటితో టైపు చేసిన వ్యాసాన్ని ఏ కంప్యూటర్‌లోనైనా తెరవచ్చు, వెతకవచ్చు. ఇంకో ఇరవై ఏండ్లకు మన పిల్లలు కూడా చదవచ్చు.

మా కోరికలు

ఒట్టి మాటలతో వ్యాసం ముగించడం నాకు ఇష్టం లేదు. అడగవలసినవి నాలుగు ఉన్నాయి.

ఒకటి. కంప్యూటర్ గదిలో మూలన పెట్టిన ఎనిమిది పాత కంప్యూటర్లను పాత సామాన్ల అంగడికి వేయవద్దు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కదన్నదే వాటి మీద ఉన్న నేరం. వాటి మెమరీ 4 ఎంబీకి కొన్ని వందల రెట్లు ఉంది. ఉచిత లినక్స్ ఎక్కించి ఇస్తే కోడ్ రాయడానికి, తెలుగు టైపు చేయడానికి బ్రహ్మాండంగా సరిపోతాయి. తూకానికి వేస్తే వచ్చే నాలుగు రూపాయలకంటే అవి బడిలో ఉంటేనే ఎక్కువ విలువ.

రెండు. పాత సంచికలను యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించండి. ఒక్కో తరగతి ఒక్కో సంచిక తీసుకుంటే ఒక ఏడాదిలో అయిపోతుంది. కాగితం చిరిగిన సంచికలు ఇంట్లో ఉన్నవాళ్లు దయచేసి తెచ్చివ్వండి. తల్లిదండ్రుల్లో ఈ బడి పూర్వ విద్యార్థులు చాలామంది ఉన్నారు. మీరు రాసినవే అవి.

మూడు. ఇక మీదట పత్రికను యూనికోడ్ ఫాంట్లతోనే చేయించండి. ప్రెస్సువాళ్లు "మాకు పాత ఫాంటే అలవాటు" అంటే ఒప్పుకోవద్దు. డబ్బు మనది, రాత మనది.

నాలుగు. కంప్యూటర్ పీరియడ్‌లో వారానికి ఒక్క రోజు "లోపల చూసే రోజు" అని పెట్టండి. ఏదో ఒక తెరిచిన ప్రోగ్రాం కోడ్ తీసుకొని పది వరుసలు చదువుదాం. డూమ్ వద్దంటే చెక్స్ క్వెస్ట్ లాంటిది తీసుకుందాం, అదీ వద్దంటే లెక్కలు చేసే చిన్న ప్రోగ్రాం తీసుకుందాం. ఏది తీసుకున్నా మూత తీసి చూడడం అలవాటు కావాలి. ఇప్పటి పాఠాల్లో మనం నేర్చుకుంటున్నది ఏ బటన్ ఎక్కడుందో మాత్రమే. బటన్లు మూడేండ్లకు ఒకసారి చోటు మారతాయి. లోపలి లెక్క మారదు.

తోటి విద్యార్థులకు కూడా ఒక మాట. మీరు రేపు ఏదైనా తయారుచేస్తారు, ఆటో, ఫాంటో, తెలుగు నిఘంటువో, పాటల జాబితానో. అది మీ తరువాత కూడా బతకాలంటే దాని వంట విధానం రాసిన కాగితాన్ని పక్కవాళ్లకు ఇచ్చిపెట్టండి. పేరు మీదే ఉంటుంది. కార్మాక్ కోడ్ ఇచ్చేసినందువల్ల ఆయన పేరు చెరిగిపోలేదు. ఆయన చేసిన పని గురించి ఇంత దూరంలో, ఇన్నేండ్ల తరువాత, తెలుగులో రాస్తున్నాం చూడండి.

పెద్దలు "ఆట కదా" అని తోసేయకుండా ఈ నాలుగు కోరికల మీద తల్లిదండ్రుల సమావేశంలో మాట్లాడాలని కోరుతున్నాను. పాత సామాన్ల బండి వచ్చేలోపలే మాట్లాడాలి.